టమాటా చిగుళ్లు బూట్ల లేసుల్లా సాగుతున్నాయి, వైరస్సేనా? పీకేయమంటారా?

మేడమీద_తోట · విజయనగరం · సెప్టెంబరు 8, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి.

మేడ మీద పన్నెండు కుండీల్లో టమాటా వేశాను. జులై మొదట్లో నారు పోసి, నెల తిరక్కుండా కుండీల్లోకి మార్చాను. మట్టి, ఊరి నుంచి తెచ్చిన పశువుల గత్తం, కాస్త కోకోపీట్, గుప్పెడు వేపపిండి. ఆగస్టు ఆఖరు దాకా కళ్లు పడేలా ఎదిగాయి. (పడ్డాయనే మా అత్తగారు అంటున్నారు. ఎండుమిరపకాయలు కూడా తిప్పారు.)

వారం పది రోజులుగా కింది ఆకుల మీద గోధుమ రంగు మచ్చలు, చుట్టూ పసుపు. అది ఒకటి. అసలు టెన్షన్ రెండోది. చిగురాకులు వెడల్పు తగ్గిపోయి సన్నగా, పొడుగ్గా బూట్ల లేసుల్లా వస్తున్నాయి. వాటి కింది కొమ్మలు కొంకిలా వంగిపోయాయి. కాండం కూడా పైన వంకర తిరిగింది. నీళ్లు చాలలేదేమోనని పోశాను, మార్పు లేదు.

ఒక షాపులో ఫొటో చూపిస్తే వైరస్ అని మూడు సీసాలు చేతిలో పెట్టారు. పదకొండొందలు. ఇంకా మూత తియ్యలేదు. ఫొటోలు ఐదు పెట్టాను, చూసి చెప్పండి.

ఆకుపచ్చ_పిచ్చి · శ్రీకాకుళం · రాత్రి 9:58

ముడత వైరస్ అండి. డౌటే లేదు. పోయినేడు నావి పద్దెనిమిది మొక్కలు ఇలాగే పోయాయి. రేపు పొద్దున్నే పీకి కాల్చేయండి. ఆలోచించే కొద్దీ పక్కదానికి అంటుకుంటుంది. మిగిలినవాటికి పుల్లటి మజ్జిగలో ఇంగువ కలిపి కొట్టండి.

పలాస_జీడిపప్పు · పలాస · రాత్రి 10:05

అమ్మో, నావీ ముడుచుకుంటున్నాయి! కింది ఆకులు పైకి చుట్టుకుని దోనెల్లా అయిపోయాయి. పట్టుకుంటే అట్టముక్కలా గట్టిగా ఉన్నాయి. నేనూ పీకేయాలా? కాయలు నిండా ఉన్నాయండీ, మనసు ఒప్పట్లేదు.

నాగావళి_గట్టు · శ్రీకాకుళం · సెప్టెంబరు 9, ఉదయం 5:50

ఇద్దరూ ఆగండమ్మా. ఎవరూ ఏదీ పీకొద్దు.

ముందు పలాస వారి సంగతి, అది తేలిగ్గా తేలిపోతుంది. కింది ముదురాకులు పైకి చుట్టుకుని, దళసరిగా, రంగు మాత్రం మామూలు పచ్చగానే ఉండి, చిగురు చక్కగా వస్తూ, కాయలు దిగుతున్నాయంటే అది జబ్బు కాదు. మొక్క సర్దుకుంటోంది. ఎండ ముదిరినప్పుడో, నీళ్లు ఎక్కువైనప్పుడో, పక్క కొమ్మలు ఒకేసారి అన్నీ గిల్లేసినప్పుడో అలా చుట్టుకుంటుంది. ఈమధ్య కొమ్మలు గిల్లారా?

ఇక మేడమీద తోట వారు. ఫొటోలు చూశాను. ఫొటోలో కనపడనివి నాలుగు అడుగుతాను. పన్నెండు మొక్కలకీ వచ్చిందా, కొన్నింటికేనా? ఒక్కరోజులో కనపడిందా, ఒకదాని తర్వాత ఒకటిగా పాకిందా? చిగురాకు తిప్పి చూస్తే తెల్లదోమ ఎగిరిందా? టమాటా కాక అక్కడ ఇంకేమున్నాయి, వాటి సంగతేమిటి? ముప్పై ఏళ్లుగా పెరట్లో టమాటా పండిస్తున్నాను, జబ్బు పేరు ముందు పెట్టుకుని మొక్కని తర్వాత చూసిన ప్రతిసారీ బోల్తా పడ్డాను.

పలాస_జీడిపప్పు · ఉదయం 7:15

గిల్లానండీ! వీడియో చూసి పోయిన ఆదివారం అన్ని మొక్కలకీ ఒకేసారి గిల్లేశాను. బతికించారు.

ల్యాబ్_కళ్లజోడు · ఆమదాలవలస · ఉదయం 8:30

నైరా కాలేజీలో అగ్రికల్చర్ చదివిన పాపానికి ఎవరింటికెళ్లినా కుండీలు చూపిస్తారు. ఇక్కడా తప్పలేదు.

మేడమీద తోట గారూ, మీ మూడో ఫొటో పెద్దది చేసి చూశాను. కింది ఆకు మీద మచ్చలో గుండ్రాల్లో గుండ్రాలు కనిపిస్తున్నాయి, చెట్టు మొద్దు అడ్డంగా కోస్తే కనపడే వలయాల్లా. అది ఆల్టర్నేరియా అనే బూజు తెచ్చే ఆకుమచ్చ తెగులు. నేలకి దగ్గరి ముసలాకులతో మొదలై పైకెక్కుతుంది. వానకి మట్టి చిమ్మి ఆకుల మీద పడటమే దానికి మెట్లు. మచ్చలున్న ఆకులు కత్తిరించి సంచిలో కట్టి బయట పడేయండి. కింద అడుగు ఎత్తు వరకు ఆకు లేకుండా చేసి, కుండీ మట్టి మీద ఎండాకులో కొబ్బరిపీచో పరవండి. నీళ్లు మొదట్లోనే పొయ్యాలి, ఆకుల మీద చల్లకూడదు, అదీ పొద్దున్న పూట. అప్పటికీ పాకితే మాంకోజెబ్ అనే బూజు మందు లీటరు నీళ్లకి రెండున్నర గ్రాములు. ఈ వానల్లో జిల్లాలో టమాటా ఉన్న ప్రతి పెరట్లో ఇది ఎంతో కొంత ఉంటుంది. కంగారు అక్కర్లేదు.

మచ్చలు చిన్నవిగా, మధ్యలో బూడిద రంగుతో, ఆవగింజలు చల్లినట్టు బోలెడు ఉంటే అది ఇంకో బూజు, సెప్టోరియా. నల్లగా, నూనె పడ్డట్టు తడిగా ఉంటే బాక్టీరియా మచ్చ. మీవి ఆ రెండూ కావు.

కానీ పైన లేసులు ఈ తెగులు పని కాదు. కింద ఒకటి, పైన ఒకటి. రెండూ కలిపి చూస్తే అయోమయమే.

ఆకుపచ్చ_పిచ్చి · ఉదయం 8:52

పైది వైరస్ అనే కదా నేను రాత్రే చెప్పింది.

ల్యాబ్_కళ్లజోడు · ఉదయం 9:20

ఏ వైరస్ అండీ? అసలు ప్రశ్న అదే.

మనవైపు ఎక్కువగా చూసే ఆకుముడత వైరస్ తెల్లదోమ తెస్తుంది. అది తగిలిన మొక్కలో ఆకు చిన్నదై, అంచులు పైకి లేచి, ముడతలు పడి పసుపు తిరుగుతుంది. కణుపులు దగ్గరపడి మొక్క పొదలా గిడసబారిపోతుంది. పూత రాలుతుంది. ఆకు సాగదు, కుంచించుకుంటుంది. ఫొటోలో ఆకు సాగింది.

ఆకుని నిజంగా తాడులా సన్నం చేసేది ఇంకో వైరస్ ఉంది, దోసజాతి పంటల్లో కనపడే మొజాయిక్ వైరస్. పేనుబంక మోసుకొస్తుంది. కానీ అలాంటప్పుడు కొన్ని ఆకుల్లోనైనా లేతపచ్చ, ముదురుపచ్చ కలగలిసిన మరకలు ఉంటాయి. ఇక్కడ అవీ లేవు.

మూడోది వేరుశనగలో మొవ్వకుళ్లు తెచ్చేది. తామర పురుగులు టమాటాకి ఎక్కిస్తాయి. చీపురుపల్లి పక్క వేరుశనగ చేల దగ్గర చూశాను. చిగురు కంచు రంగుకి తిరిగి మాడిపోతుంది. అదీ కాదు.

ఒకటి మాత్రం నిజం. మొక్కలోకి వెళ్లిన వైరస్‌ని చంపే మందు షాపులో లేదు, మజ్జిగలోనూ లేదు. అమ్మేవన్నీ దాన్ని మోసే పురుగుకి. ఆ మూడు సీసాలేమిటో చెప్తారా?

మేడమీద_తోట · మధ్యాహ్నం 1:35

బడిలో లంచ్ టైంలో రాస్తున్నాను. సీసాల్లో ఒకటి తెల్లదోమకట, ఒకటి బూజు తెగుళ్లకి, మూడోది 'టానిక్'. టానిక్కే అన్నింటికన్నా ఖరీదు.

నాగావళి గట్టు మాస్టారూ, మీ ప్రశ్నలకి జవాబులు. (మాస్టారు అనొచ్చు కదా?) పన్నెండింటికీ వచ్చింది. ఇంచుమించు ఒకే రోజు. సోమవారం పొద్దున్న చూస్తే చిగుళ్లన్నీ తలలు వేలాడేసి ఉన్నాయి. లేసు ఆకులు ఆ తర్వాత వారానికి వచ్చాయి. తెల్లదోమ ఏడో ఎనిమిదో కనపడ్డాయి, అంతే. తెల్ల కాగితం మీద కొమ్మ దులిపితే పురుగులేమీ పడలేదు.

పందిరి చిక్కుడు కూడా చిగురు మెలితిరిగింది. ఇది మీరు అడిగేదాకా నేను గమనించనేలేదు. టమాటాల మధ్యనున్న నిమ్మగడ్డి మాత్రం నిక్షేపంగా ఉంది. మెట్ల వైపు మూలన వంగ, బెండ, అవీ బాగున్నాయి.

పెరటి_పనసచెట్టు · సాలూరు · మధ్యాహ్నం 2:10

గత్తం చూడండి. కలుపు మందు కొట్టిన గడ్డి తిన్న పశువుల పేడలో మందు మిగిలి మొక్కలు ఇలా వంకర పోతాయని ఎక్కడో చదివాను.

గత్తంబుట్ట · చీపురుపల్లి దగ్గర పల్లె · రాత్రి 8:25

అన్నింటికీ గత్తాన్నే అంటారేటి. అప్పా, ఒక్క మాట చెప్పు. ఆ సోమవారానికి ముందు ఏటైనా మందు కొట్టినావా? ఏ పంపుతో కొట్టినావు?

మేడమీద_తోట · రాత్రి 8:40

మందంటే వేపనూనే. లీటరుకి అయిదు మిల్లీలీటర్లు, నాలుగు చుక్కలు షాంపూ. మందు కాదు కదా అని ముందు రాయలేదు. శనివారం సాయంత్రం కొట్టాను. నా చిన్న స్ప్రే సీసా పాడైతే గజపతినగరం దగ్గర మా ఊరి నుంచి మరిది పంపు తెచ్చిపెట్టాడు. ఎందుకు?

గత్తంబుట్ట · రాత్రి 8:44

అయిపోనాది. ఆ పంపు పొలంలో దేనికి వాడినారో మరిదిని అడుగు. ఉభాలు (వరి నాట్లు) అయి నెల దాటినాది. అందరూ చేలో వెడల్పాకు కలుపుకి కొడతన్న టైమిది.

మొక్కలు పీకీకు. అడిగిన తర్వాత రాయి.

మేడమీద_తోట · రాత్రి 9:30

ఫోన్ చేశాను. అంతకు రెండు రోజుల ముందు వరిలో 2,4-డి అనే కలుపు మందు కొట్టారట. 'రెండుసార్లు కడిగే ఇచ్చాను వదినా' అన్నాడు. గొంతులో కంగారు వినిపించింది, నేనే సర్దిచెప్పాల్సి వచ్చింది.

రెండుసార్లు కడిగిన పంపుతో ఇంత పని అవుతుందా?

ల్యాబ్_కళ్లజోడు · రాత్రి 10:15

అవుతుంది. గత్తంబుట్ట గారికి దండం. నేను వైరస్ లెక్కలేసుకుంటూ కూర్చున్నాను, ఆయన రెండు ప్రశ్నల్లో తేల్చారు.

2,4-డి ఇవాళ్టి మందు కాదు, 1940ల నుంచీ ఉంది. మొక్క పెరగడానికి ఆక్సిన్ అనే హార్మోను సొంతంగా తయారుచేసుకుంటుంది. ఈ మందు ఆ ఆక్సిన్ వేషం వేసుకుని లోపలికి వెళ్తుంది. వెడల్పాకు మొక్కలో కణాలు అదుపు తప్పి పెరుగుతాయి. కొమ్మకి ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ పెరిగితే కొమ్మ వంగక ఏం చేస్తుంది? మీరు సోమవారం చూసిన కొంకి అదే. ఆ సమయానికి మొగ్గలో ఉన్న ఆకు పూర్తిగా విచ్చుకోలేక ఈనెలన్నీ దగ్గరపడి, బయటికొచ్చేసరికి లేసులా ఉంటుంది. అందుకే అది వారం ఆలస్యంగా కనపడింది. వరి, నిమ్మగడ్డి గడ్డిజాతి, తట్టుకుంటాయి. టమాటా, పత్తి, ద్రాక్ష, చిక్కుళ్లు అస్సలు తట్టుకోలేవు. అందులో టమాటా మరీ సున్నితం. పంపు గొట్టం రబ్బరులో, వడపోత జాలీలో, నాజిల్లో అంటుకున్న కాస్త చాలు. పైగా మీరు కలిపిన షాంపూ ఆ మిగిలినదాన్ని ఇంకాస్త బాగా వదిలించి ఉంటుంది.

లేసు ఆకు ఒకటి కోసి వెలుతురుకి పెట్టి చూడండి. ఈనెలు చెట్టుకొమ్మల్లా విడిపోకుండా ఒకదాని పక్కన ఒకటి పట్టాల్లా నిలువుగా నడుస్తుంటే ఇదే.

మేడమీద_తోట · రాత్రి 10:40

సెల్‌ఫోన్ టార్చి పెట్టి చూశాను. పట్టాల్లాగే ఉన్నాయి. పక్కన మామూలు ఆకు కూడా పెట్టి చూశాను, అందులో నడి ఈనె నుంచి రెండు పక్కలా కొమ్మలు విడిపోయి, మళ్లీ వాటి నుంచి వల. లేసు ఆకులో వల లేదు. లేత పసుపు గీతలు, అయిదారు, మొదలు నుంచి చివరికి.

అయితే గత్తం తప్పు కాదన్నమాట. వంగ, బెండలకీ అదే గత్తం వేశాను, కానీ అవి వేరే మూలన ఉన్నాయని వాటికి వేపనూనె కొట్టలేదు. చిక్కుడికి గత్తమే వెయ్యలేదు, కానీ పందిరి టమాటా పక్కనే కాబట్టి దానికీ కొట్టాను.

నాగావళి_గట్టు · సెప్టెంబరు 10, ఉదయం 5:45

మీరు రాసిన ఆ చివరి నాలుగు ముక్కల్లోనే జవాబంతా ఉందమ్మా. ఏ మొక్కకి ఏం చేశాం, ఏం చెయ్యలేదు అని పక్కపక్కన పెట్టి చూడటం. టీచరు కదా మీరు. మాస్టారు అని మీరు నన్నంటున్నారు!

ఆకుపచ్చ_పిచ్చి · ఉదయం 7:30

ఒప్పుకుంటున్నాను, తొందరపడ్డాను. ఇప్పుడో సంగతి గుర్తొస్తోంది. పోయినేడు నా పద్దెనిమిది మొక్కలు కూడా ఒకేసారి పోయాయి. నాకూ పంపు పక్కింటి రైతుదే. పీకి కాల్చేశాను కాబట్టి ఇక తేల్చుకోలేను. ఇంగువ మాత్రం దండగైంది.

బొబ్బిలి_కోడలు · బొబ్బిలి · ఉదయం 10:12

మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. నావి కుండీలు కావు, పెరట్లో నేల మీద. ఆకుల మీద ఒక్క మచ్చ లేదు. పసుపూ లేదు. మధ్యాహ్నం వాడిపోతుంది, సాయంత్రం లేస్తుంది. రెండో రోజు సాయంత్రం కూడా లేవదు. నాలుగో రోజుకి పచ్చగా ఉండగానే చచ్చిపోతుంది. ఉడకేసిన తోటకూరలా వేలాడుతుంది. ఇప్పటికి మూడు పోయాయి. నీళ్లు బాగానే పోస్తున్నాను.

ల్యాబ్_కళ్లజోడు · ఉదయం 10:50

గ్లాసు పరీక్ష చెయ్యండి. వాడిన మొక్క కాండాన్ని నేలకి నాలుగు వేళ్ల ఎత్తులో కొయ్యండి. వేలెడు ముక్క చాలు. గాజు గ్లాసులో తేట నీళ్లు పోసి, కోసిన కొస నీళ్లలో మునిగేలా పట్టుకోండి. కదపకుండా అయిదు నిమిషాలు చూడండి. వెనక నల్ల గుడ్డ ఉంటే బాగా కనపడుతుంది.

బొబ్బిలి_కోడలు · ఉదయం 11:35

చేశాను. ఒళ్లు జలదరించింది. మొదట ఏమీ లేదు. రెండు నిమిషాల తర్వాత కొస నుంచి పాలదారంలా సన్నటి తెల్లటి పోగు కిందికి దిగింది. తర్వాత ఇంకోటి. ఇప్పుడు గ్లాసు అడుగున బియ్యం కడిగిన నీళ్లలా ఉంది. ఏమిటిది?

ల్యాబ్_కళ్లజోడు · ఉదయం 11:48

బాక్టీరియా ఎండు తెగులు. రాల్‌స్టోనియా అనే బాక్టీరియా మట్టి నుంచి వేళ్లలోకి వెళ్లి, కాండంలో నీళ్లెక్కే గొట్టాల్లో నిండిపోతుంది. దారి పూడిపోయాక మీరెన్ని నీళ్లు పోసినా పైకెక్కవు. మీరు గ్లాసులో చూసిన పాలదారం ఆ బాక్టీరియానే, కోట్లలో.

బూజు వల్ల వచ్చే ఎండు తెగులైతే మొక్క ఇంత వేగంగా చావదు. కింది ఆకులు, తరచు ఒక పక్కవే, పసుపెక్కుతూ రెండు మూడు వారాలు లాగుతుంది. గ్లాసులో పాలు రావు.

దీనికి మందు వెతక్కండి. పోయిన మొక్కల్ని వేళ్లతో, చుట్టూ మట్టితో సహా తవ్వి తీసేయండి, కంపోస్టులో వేయకండి. ఆ మడిలో వాడిన బొరిగె కడగకుండా పక్క మడిలో పెట్టకండి. అక్కడ రెండు మూడేళ్లు టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప వద్దు, అన్నీ ఒకే కుటుంబం. చోడి (రాగి), మొక్కజొన్న వేసుకోండి. టమాటా లేకపోతే ఉండలేనంటే కొత్త మట్టితో కుండీల్లో వేయండి. బెంగళూరు భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క రక్షక్ రకం ఈ ఎండు తెగులుకి, ఆకుముడత వైరస్‌కి, పైన చెప్పిన గుండ్రాల మచ్చకి, మూడింటికీ తట్టుకునేలా చేసినది. అడవి వంగ వేరు మీద అంటుకట్టిన టమాటా నారు కూడా ఈ తెగులుకి నిలబడుతుంది.

బొబ్బిలి_కోడలు · మధ్యాహ్నం 12:05

మూడేళ్లా! సరే, చోళ్లు వేస్తాను. మా మావగారికి అంబలైనా అవుతుంది.

మేడమీద_తోట · రాత్రి 8:15

ఇప్పుడు నేనేం చెయ్యాలి? కడిగితే పోతుందా? పైన చిన్న పిందెలున్నాయి, అవి తినొచ్చా? పంపు సంగతేంటి?

ల్యాబ్_కళ్లజోడు · రాత్రి 9:05

కడిగినా లాభం లేదు, మొక్క ఎప్పుడో పీల్చేసుకుంది. దీనికి విరుగుడు మందు లేదు. టానిక్ అసలు వద్దు, ఇప్పటికే మొక్కకి పెరుగుదల ఎక్కువై చస్తోంది. చేయగలిగిందల్లా మొక్కని కష్టపెట్టకుండా ఉండటం. నీళ్లు సమంగా పొయ్యండి, యూరియా లాంటివి వేయకండి. కాండం చీలిపోయి, అడుగున గడ్డల్లా ఉబ్బినవి ఉంటే పీకేయండి. చిగురు మాత్రమే పాడైనవి కోలుకునే అవకాశం ఉంది. పాడైన ఆకు మళ్లీ బాగుపడదు, తర్వాత వచ్చే ఆకుల్ని చూడాలి. మూడు నాలుగు వారాలు పట్టొచ్చు. మట్టి గురించి బెంగ వద్దు, తడి మట్టిలో ఈ మందు కొన్ని వారాల్లో విరిగిపోతుంది.

పిందెలు, పూత గిల్లి పారేయండి. ఇది టమాటా మీద కొట్టే మందు కాదు, ఎంత చేరిందో ఇంట్లో తేల్చుకోలేం. ఆ పిందెల కోసం రిస్క్ ఎందుకు? పీకిన మొక్కలు కూడా కంపోస్టులో వేయొద్దు.

గత్తంబుట్ట · రాత్రి 9:20

పంపు సంగతి నాను చెప్తాను. నాలుగుసార్లు నీళ్లు పోసి ప్రతిసారీ నాజిల్లోంచి బయటికి కొట్టాలి. ఊరికే ఊపి వంచీస్తే టాంకీ కడిగినట్టే, గొట్టం కడిగినట్టు కాదు. జాలీ, నాజిలు ఊడదీసి వేరేగా రుద్దాలి. తర్వాత బట్టల సోడా నీళ్లు నింపి రాత్రంతా ఉంచీసి పొద్దున్న మళ్లీ కడగాలి. ఆ కడిగిన నీళ్లు మొక్కల మొదట్లోనూ, చెరువులోనూ పోయీకండి. ఇంత చేసినా టమాటాకి నానైతే ఆ పంపు వాడను. మా ఇంట్లో కలుపుకి ఒకటి, పురుగు మందులకి ఒకటి, రెండు పంపులు. అద్దె పంపులున్న ఊళ్లలోనే ఈ గొడవంతా. పొద్దున్న ఒకడు వరిలో కలుపు మందు కొట్టి ఇస్తాడు, సాయంత్రం ఇంకొకడు మిరపలో కొడతాడు.

నమ్మకం లేకపోతే బొబ్బర్ల పరీక్ష చెయ్యి అప్పా. రెండు గ్లాసుల్లో బొబ్బర్లు మొలకెత్తించు. రెండాకులొచ్చినాక ఒకదానికి ఆ పంపు నీళ్లు, ఇంకోదానికి కుళాయి నీళ్లు చల్లు.

మేడమీద_తోట · సెప్టెంబరు 21, సాయంత్రం 6:30

ఆలస్యానికి క్షమించాలి. యూనిట్ పరీక్షల పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను.

బొబ్బర్ల పరీక్ష మా ఏడో తరగతి పిల్లల చేత చేయించాను. పంపు కడగకముందే నీళ్లు నింపి రాత్రంతా ఉంచి, ఆ నీళ్లు ఒక గ్లాసు మొలకల మీద, కుళాయి నీళ్లు ఇంకో గ్లాసు మీద చల్లాం. మూడో రోజుకి పంపు నీళ్ల మొలకలు ప్రశ్నార్థకాల్లా వంగిపోయాయి. కుళాయి నీళ్లవి నిటారుగా ఉన్నాయి. ఒక పిల్ల 'టీచర్, ఇవి తలొంచుకున్నాయి' అంది. ఫొటో పెట్టాను.

టమాటాల్లో అయిదు పీకేశాను, వాటి కాండం అడుగున నిజంగానే చీలికలు వచ్చాయి. ఏడు ఉంచాను. చిక్కుడు మొండిది, తీగ మధ్య నుంచి కొత్త కొమ్మ వేసింది.

కింది మచ్చాకులు కత్తిరించి కొబ్బరిపీచు పరిచాను. మచ్చలు పైకి ఎక్కలేదు. మాంకోజెబ్ అవసరం పడలేదు. పదకొండొందల సీసాలు వెనక్కి తీసుకోమంటే షాపాయన తీసుకోలేదు.

పెరటి_పనసచెట్టు · సాయంత్రం 7:05

గత్తం మీద నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పనిలో పని, నా టమాటా ఆకుల మీద తెల్లటి గీతలు పాము పాకినట్టు మెలికలు తిరిగి ఉన్నాయి. ఇది కూడా పంపేనా?

నాగావళి_గట్టు · సాయంత్రం 7:40

దాని పేరే పాముపొడ. ఆకు రెండు పొరల మధ్య చిన్న పురుగు తింటూ పోయిన దారి. గీత లావుగా ఉన్న కొసన వేలితో నొక్కితే పురుగు దొరుకుతుంది. అలాంటివి ఓ పది ఆకులుంటే గిల్లి పారేయండి. గీతలా కాకుండా ఆకు మీద గోధుమ రంగు మచ్చలా, పొర ఉబ్బి లోపల డొల్లగా ఉంటే మళ్లీ రాయండి, అది వేరే పురుగు. మనదేశంలో 2014లో కనపడింది, కాయలోకి కూడా దూరుతుంది.

పెరటి_పనసచెట్టు · సాయంత్రం 7:55

నొక్కాను. ఆవగింజలో సగమంత పసుపు పురుగు. గీతలే, మచ్చలు కావు.

మేడమీద_తోట · అక్టోబరు 14, రాత్రి 9:10

సిరిమాను హడావుడి, చుట్టాలు, అన్నీ అయ్యాయి. ఇవాళ తీరిగ్గా మేడెక్కాను.

ఏడింటిలో ఆరు కోలుకున్నాయి. ఒక మొక్క ఫొటో పెడుతున్నాను, కింది నుంచి పైకి చూడండి. కింద మామూలు ఆకులు, మధ్యలో ఒక జానెడు మేర లేసులు, ఆ పైన మొదట సగం వెడల్పు ఆకు, దాని పైది ఇంకాస్త వెడల్పు, కొసన అరచేయంత మామూలు ఆకు. స్కేలు మీద గీతల్లా ఏ వారం ఏం జరిగిందో కాండం మీదే రాసి ఉంది. కొత్త పూత కూడా వేసింది.

ఆ పంపు మీద మరిది ఎర్ర పెయింటుతో 'కలుపు' అని రాయించాడు. నాకు వంద రూపాయల చేతి స్ప్రే సీసా ఒకటి కొనిచ్చాడు. అత్తగారు మాత్రం మిరపకాయలు తిప్పబట్టే ఆరు నిలబడ్డాయంటున్నారు. నిన్న చుట్టాలందరికీ మేడెక్కించి మరీ చూపించారు.

గత్తంబుట్ట · రాత్రి 9:25

చుట్టాలు చూసినారు కదా, మళ్లీ తిప్పమను అప్పా.